ఒక పూట తీరిక



చిక్కుడు పందిరిని ఎప్పుడైనా ఓపిగ్గా గమనించారా? ఆషాఢంలో గింజ పెడతాం. శ్రావణం వెళ్తుంది, భాద్రపదం వెళ్తుంది. తీగ అల్లుకుంటూనే ఉంటుంది. పందిరి నిండుతుంది, గోడెక్కుతుంది, పక్కింటివాళ్ల డాబా మీదికి పాకుతుంది. ఆకులే తప్ప ఒక్క పువ్వు కనిపించదు. "ఇన్ని నీళ్లు పోసినా కాపు లేదు, పీకేద్దామా?" అని ఇంట్లో ఎవరో ఒకరు విసుక్కుంటారు. పెద్దవాళ్లు మాత్రం "తొందరపడకండి, మంచు పడనివ్వండి" అంటారు.

వాళ్లకు తెలుసు. నాటు చిక్కుడు పూతకు రావాలంటే పగటిపొద్దు తగ్గాలి. ఏడాది పొడుగునా కాసే కొత్త రకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి గానీ, మన అమ్మమ్మలు బూడిద కలిపి దాచిన గింజలది మాత్రం ఇదే తీరు. పొద్దు పెద్దగా ఉన్నన్నాళ్లూ ఆకు వేస్తుంది. సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడే కార్తీక మార్గశిరాల్లో పూగుత్తులు లేస్తాయి. సంక్రాంతి వచ్చేసరికి కూరకు సరిపోను కాయ, పక్కింటికి పంపను కాయ.

మీకూ ఈమధ్య పగలు సరిపోవడం లేదు కదా? వెలుగు తగ్గినట్టు అనిపిస్తున్న ఈ రోజుల్లోనే మీలో ఒక సంతోషం పూతకు రావాలని దేవుడు కనిపెట్టుకుని ఉన్నాడు. అది గొప్ప సంతోషం కానక్కర్లేదు. నేస్తాలతో ఒక మధ్యాహ్నం, కుండీలో కాస్త మెంతికూర, చెరువుగట్టు మీద కూర్చుని తిన్న పులిహోర. ఈరోజు వాటి గురించే మాట్లాడుకుందాం.

తెల్లారకముందే లేస్తారు. క్యారియర్లు కట్టాలి, బస్సు అందుకోవాలి. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే మళ్లీ పొయ్యి దగ్గర నిలబడాలి. మనసులో ఒక పక్క ఈఎంఐ తేదీ, ఒక పక్క పిల్లాడి పరీక్షలు, ఇంకో పక్క అమ్మ షుగర్ రిపోర్టు. రాత్రి పడుకున్నాక కూడా తల ఆగదు. ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, లెక్కలు తిరుగుతూ ఉంటాయి.

ఏ పనీ పెట్టుకోకుండా ఒక స్నేహంతో కూర్చుని కడుపారా నవ్వింది ఎప్పుడో గుర్తుందా?

"ఈ పెళ్లి అయిపోనీ, అప్పుడు కలుద్దాం." "పిల్లలు స్థిరపడనీ, అప్పుడు తిరుగుదాం." "అప్పు తీరనీ." ఈ మాటలు అనని ఇల్లు లేదు. అనడంలో తప్పూ లేదు, బాధ్యత గల మనిషే అలా అంటాడు. కానీ ఒక్కసారి నెమ్మదిగా ఆలోచించండి. ఈ మాటల అడుగున ఒక భయం ఉంది. అన్ని పనులూ ముగించి, అందరి బాకీలూ తీర్చాకే సంతోషపడే అర్హత నాకు వస్తుంది, ఈలోగా నవ్వితే దేవుడు కూడా తప్పు పడతాడు అనే భయం. మేస్త్రీ కూలీల మీద కన్నేసి ఉంచినట్టు ఆయన మన మీద కన్నేసి ఉంచాడని మనకు తెలియకుండానే నమ్మేస్తాం.

మిమ్మల్ని చూస్తున్న ఆ కన్ను అలాంటిది కాదు. బైబిలు మొదటి పేజీల్లోకే వెళ్దాం రండి.

ఆదికాండము రెండో అధ్యాయంలో దేవుడు ఒక తోట వేశాడు. అక్కడి చెట్లను వర్ణించేటప్పుడు, అవి కంటికి ఇంపుగా ఉన్న సంగతి ముందు వస్తుంది, తినడానికి మంచివన్న సంగతి తర్వాత వస్తుంది. మన తండ్రి కడుపు నింపే పంట ఒక్కటే చాలనుకోలేదు. కళ్లకు కూడా వడ్డించాడు. మూడో అధ్యాయంలో, చల్లపూట ఆయన అదే తోటలో నడిచి వచ్చాడు. అది ఏ సాయంత్రమో గమనించారా? ఆదాము హవ్వలు తప్పు చేసి, సిగ్గుతో చెట్ల చాటున దాక్కున్న సాయంత్రం. ఆ రోజు కూడా రావడం మానలేదు. వాళ్లు ఎక్కడున్నారో అడుగుతూ వచ్చాడు. ఆయన ముందుకు రావడానికి మొహమాటపడుతున్న వాళ్లు ఎవరైనా ఈ మాటలు చదువుతుంటే, ఆ సాయంత్రాన్ని జ్ఞాపకం ఉంచుకోండి.

ఇంకొంచెం ముందుకు వెళ్తే లేవీయకాండము 23వ అధ్యాయం. మనం తరచుగా తిప్పేసే పేజీ అది. అక్కడ పర్ణశాలల పండుగ ఉంది. నాకు ఎంతో ఇష్టమైన పండుగ. ఏడో నెల 15వ రోజున మొదలై 7 రోజులు. ఖర్జూర మట్టలు, గుబురు చెట్ల కొమ్మలు, కాలువగట్టు చెట్ల కొమ్మలు తెచ్చి పాకలు వేసుకోవాలి. సొంత ఇల్లు వదిలి ఆ ఏడు రోజులూ ఆ ఆకుల కింద కాపురం ఉండాలి. అరణ్యంలో పితరులు పాకల్లో బతికిన రోజులు పిల్లలకు తెలియాలి. అన్నిటికీ మించి, దేవుని ఎదుట సంతోషించాలి. ఆ సంతోషం ఆజ్ఞలో భాగం.

రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ ఆజ్ఞ ఎంత ధైర్యం కావాలని అడిగిందో అర్థమవుతుంది. కళ్లాల్లో ధాన్యం, తొట్టిలో ద్రాక్షరసం అప్పుడే ఇంటికి చేరాయి. ఇక తొలకరి పడాలి. పడితే దున్నాలి, విత్తాలి. ఈ ఏడాది వాన వస్తుందో రాదో! ఏ రైతుకైనా ఆకాశం వంక చూసి దిగులుపడే వేళ అది. సరిగ్గా అప్పుడే దేవుడు, నాగలి సంగతి నేను చూసుకుంటాను, మీరు పాకలు వేసుకోండి అన్నట్టుగా ఈ పండుగ పెట్టాడు. దిగులు పూర్తిగా తీరాక చేసుకునే పండుగ అయితే అది ఏ ఏటికీ వచ్చేది కాదు.

ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయం ఇదే పండుగకు ఎవరెవరిని పిలవాలో కూడా చెబుతుంది. కొడుకు, కూతురు, పనివాళ్లు, లేవీయులు, పరదేశులు, తల్లిదండ్రులు లేనివాళ్లు, విధవరాండ్రు. మన ఊళ్లో సరదాగా బయటికి వెళ్లేటప్పుడు పిలవడానికి గుర్తురాని వాళ్లందరి పేర్లూ దేవుడు వరసగా చెప్పాడు.

నెహెమ్యా గ్రంథంలో ఈ పండుగ మళ్లీ కనిపిస్తుంది. చెరనుండి తిరిగివచ్చిన ప్రజలు. చుట్టూ శత్రువులు. ఒక చేత్తో కత్తి, ఒక చేత్తో పని అన్నట్టుగా 52 రోజుల్లో యెరూషలేము గోడ లేపారు. ఎంత అలసి ఉంటారో! ఎజ్రా ధర్మశాస్త్రం చదువుతుంటే అందరికీ ఏడుపు ఆగలేదు. అప్పుడు పెద్దలు వాళ్లను ఓదార్చి, ఏడవవద్దన్నారు. వెళ్లి మంచి భోజనం చేయమన్నారు, లేనివాళ్లకు వాటా పంపమన్నారు. మర్నాడు పర్ణశాలల సంగతి చదివారు. కొండకు వెళ్లి కొమ్మలు నరుక్కొచ్చారు. ఇళ్ల మిద్దెల మీద, ముంగిళ్లలో, ఆలయ ఆవరణలో, వీధి మొగల్లో పాకలు లేచాయి. ఊరంతా పచ్చని ఆకు వాసన. గోడ కట్టిన చేతులే ఆ పాకలూ కట్టాయి.

ఆ పండుగను మనం అదే తీరుగా చేయకపోయినా, దాని చుట్టాలు మన దగ్గర లేకపోలేదు. మన సంఘాల్లో కోతపండుగ నాడు గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు, కొబ్బరికాయలు ఆరాధనకు తెచ్చి, తర్వాత గుడి ఆవరణలోనే వేలం పాడతారు. ఒక సొరకాయ కోసం ఇద్దరు పెద్దమనుషులు పంతం పట్టి పాట పెంచుతుంటే, పిల్లలు చుట్టూ చేరి కేరింతలు కొడతారు. కార్తీకంలో మన ఇరుగుపొరుగు కుటుంబాలు ఉసిరిచెట్టు నీడకు వనభోజనాలకు వెళ్తాయి. ఏడాదికి ఒక్కసారైనా గోడలు దాటి చెట్టు కింద కూర్చోవాలని ఈ నేలకు ఎప్పటినుంచో తెలుసు.

"అదంతా పాతనిబంధన కదా, యేసు ప్రభువు పగలూ రాత్రీ సేవలోనే ఉన్నాడు కదా" అని మీకు అనిపించవచ్చు. మార్కు సువార్త ఆరో అధ్యాయం తీయండి. పన్నెండుమంది శిష్యులు ప్రయాణాలు చేసి తిరిగొచ్చారు. చేసినవీ బోధించినవీ అన్నీ చెప్పుకుంటున్నారు. వచ్చేపోయే జనంతో అన్నం తినే వ్యవధి కూడా లేదు. బాప్తిస్మమిచ్చు యోహానును చంపేశారన్న వార్త ఇంకా పచ్చిగా ఉంది. ఆ స్థితిలో ప్రభువు వాళ్లను ఏకాంత స్థలానికి రమ్మని, కాసేపు అలసట తీర్చుకుందామని పిలిచాడు. పడవెక్కించి తానూ వెంట వెళ్లాడు.

ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు. వీళ్లకంటే ముందే జనం పరుగెత్తి ఆ ఒడ్డుకు చేరిపోయారు. మన ఇళ్లల్లోనూ ఇంతే కదా! ఆదివారం వెళ్దామని అన్నీ సర్దుకుంటే శనివారం రాత్రి పిల్లకు జ్వరం. లేదా చెప్పకుండా దిగిన చుట్టాలు. అప్పుడు మనసు చివుక్కుమంటుంది, మన రాత ఇంతేననుకుంటాం. ప్రభువు అక్కడ ఎలా ఉన్నాడో చూడండి. జనాన్ని కసురుకోలేదు, కనికరపడ్డాడు. వాళ్లందరినీ పచ్చగడ్డి మీద పంక్తులుగా కూర్చోబెట్టి భోజనం పెట్టాడు. శిష్యులకు దొరకాల్సిన విశ్రాంతి ఆ పూట చెడింది. కానీ చేపలు, రొట్టెలు, పచ్చిక, సాయంత్రపు గాలి, పక్కన ప్రభువు, ఇవన్నీ దొరికాయి. చివరికి మిగిలిన ముక్కలతో ఎత్తిన గంపలు కూడా పన్నెండే. మీ ప్రణాళిక తప్పిన రోజున కూడా ఆయన మీ పక్కనుంచి లేచి వెళ్లిపోడు.

ఇప్పుడు ఒక కుండీ దగ్గరికి రండి.

పెరడు లేదని బాధపడకండి. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో బారెడు బాల్కనీ ఉన్నా చాలు. పగిలిన బకెట్టుకు అడుగున చిల్లులు పెట్టి, ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. వంటింటి డబ్బాలోని మెంతులు గుప్పెడు రాత్రి నానబెట్టి, పొద్దున చల్లి, పైన పలచగా మట్టి కప్పండి. మూడు నాలుగు రోజుల్లో పచ్చని మొలకలు తలలెత్తుతాయి. నెల తిరగకుండానే పప్పులోకి కూర వస్తుంది. పుదీనా కట్టలో మిగిలిన కాడలు గుచ్చినా బతుకుతాయి, బచ్చలి తీగ ముక్క పాతినా బతుకుతుంది. చలికాలమైతే ఒక చేమంతి మొక్క తప్పకుండా పెట్టండి. వండుకోవడానికి పనికిరాదు కదా అనవద్దు. కంటికి ఇంపుగా ఉండటం ఏదెను నాటినుంచీ దేవుని లెక్కలో ఉంది.

ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, దిగులు పడే మనిషికి మట్టి నేర్పే పాఠం ఒకటుంది. మార్కు నాలుగో అధ్యాయంలో యేసు ఒక చిన్న ఉపమానం చెప్పాడు. మిగతా సువార్తల్లో ఇది కనిపించదు. ఒక మనిషి విత్తనం చల్లుతాడు. రాత్రి పడుకుంటాడు, పగలు లేస్తాడు. విత్తనం మొలుస్తుంది, పెరుగుతుంది, ఎలా పెరుగుతుందో అతనికి తెలియదు. ముందు మొలక, తర్వాత వెన్ను, తర్వాత వెన్నులో గింజ. ఆ మనిషి గురించి ప్రభువు చెప్పిన పనుల్లో పడుకోవడం కూడా ఉంది! అతను నిద్రపోయాడని పంట ఆగలేదు. మీరు రాత్రి రెండింటి దాకా మేలుకుని ఆలోచించినందువల్ల మీ పిల్లాడి భవిష్యత్తు ఒక్క అంగుళం ముందుకు జరగలేదు కదా? మీరు పడుకోండి. మెంతిగింజను చీకట్లో చూసుకునేవాడు మీ బిడ్డను కూడా చూసుకుంటాడు.

మొక్కలకు కష్టాలు రావని కాదు. చిక్కుడుకు పేనుబంక పడుతుంది, మందారానికి పిండినల్లి పడుతుంది. వేపనూనె కలిపిన నీళ్లు కొడతాం, కొన్ని బతుకుతాయి, కొన్ని పోతాయి. మళ్లీ గింజ వేస్తాం. ఆ మళ్లీ వేయడమే విశ్వాసం. యిర్మీయా 29వ అధ్యాయంలో, బబులోనుకు చెరపట్టుకుపోబడిన వాళ్లకు ప్రవక్త ఉత్తరం రాస్తాడు. అందులో దేవుడు వాళ్లను ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటుకుని వాటి పండ్లు తినమన్నాడు. పరాయి ఊళ్లో, మనసు విరిగిన వాళ్లకు ఆయన ఇచ్చిన మొదటి సలహాల్లో తోటపని ఒకటి. అమెరికాలో మన తెలుగువాళ్లు మంచు కరిగాక పెరట్లో గోంగూర విత్తనాలు చల్లుకుని, ఆకు రాగానే నాలుగిళ్లకు పంచుకుంటారు. ఆ కట్ట పుచ్చుకున్నవాళ్లకు అమ్మ చేతి పచ్చడి గుర్తొచ్చి కళ్లు చెమర్చడం నాకు ఆశ్చర్యం అనిపించదు.

ఇక బయటికి వెళ్లే సంగతి.

ఆకాశ పక్షులను చూడమని, అడవి పువ్వులు ఎలా పెరుగుతున్నాయో గమనించమని ప్రభువు మత్తయి ఆరో అధ్యాయంలో చెప్పాడు. మనం ఈ భాగాన్ని ఎన్నోసార్లు చదివాం, కంఠస్థం చేశాం, ప్రసంగాల్లో విన్నాం. కానీ నిజంగా వెళ్లి పక్షులను చూసిన వాళ్లెంతమంది? ఇది మంచం మీద కూర్చుని నెరవేర్చగల ఆజ్ఞ కాదు. గడప దాటాలి.

గుంటూరుకు దగ్గర్లో ఉప్పలపాడు అనే ఊరుంది. అక్కడి చెరువులో, నీటి మధ్యనున్న ముళ్లచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టుకుంటాయి. చలికాలంలో వెళ్తే కొమ్మ కనిపించనంతగా రెక్కలే. గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల దూర్చి మేత తింటుంది. చూసేవాళ్లకు తల్లి పిల్లను మింగేస్తోందేమో అనిపిస్తుంది, అంత లోపలికి దూరుతుంది. ఆ పిల్లకు కొట్టు లేదు, గాదె లేదు, రేపటి లెక్క లేదు. నోరు తెరవడం తెలుసు, తల్లి వస్తుందని తెలుసు. చెరువు పక్కనే మనుషుల ఊరు, బండ్ల మోత, అయినా దాని బెంగ దానికి లేదు. ఆ దృశ్యం ముందు ఒక అరగంట నిలబడి, ఆ తర్వాత మత్తయి ఆరో అధ్యాయం చదవండి. అదే భాగం వేరుగా వినిపిస్తుంది.

ఉప్పలపాడే కానక్కర్లేదు. శ్రీకాకుళం వాళ్లకు తేలినీలాపురం ఉంది, కొల్లేటి వైపు వాళ్లకు ఆటపాక ఉంది, బాపట్ల వాళ్లకు సూర్యలంక సముద్రం ఉంది. ఏమీ లేకపోతే మీ ఊరి చెరువుగట్టు, పొలంగట్టు, కాలువ వంతెన ఉన్నాయి. ఖర్చు పెట్టి దూరం వెళ్తేనే విహారమని ఎవరన్నారు?

అయితే ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. చాలా ఇళ్లల్లో బయటికి వెళ్లడం అంటే ఆడవాళ్లు తెల్లవారుజామున మూడింటికి లేచి అందరికీ వండటం, అక్కడ వడ్డించడం, తిరిగొచ్చి గిన్నెలు తోమడం. వాళ్లకు అది విశ్రాంతి కాదు, చోటు మారిన చాకిరీ. యోహాను సువార్త 21వ అధ్యాయం మగవాళ్లు ప్రత్యేకంగా చదవాలి. శిష్యులు రాత్రంతా వల వేసి అలసిపోయి ఒడ్డుకొచ్చేసరికి, అక్కడ నిప్పులు, వాటిమీద చేప, పక్కన రొట్టె. మరణాన్ని గెలిచి లేచిన ప్రభువు పొయ్యి రాజేసి, అలసినవాళ్లకు తన చేత్తో వడ్డించాడు. ఆయన వెంట నడిచేవాళ్లకు వంట చేయడం చిన్నతనమా? పులిహోర ఒకరు, పెరుగన్నం ఒకరు, కోడికూర ఒకరు తెచ్చుకోండి. విస్తళ్లు మగపిల్లలు ఎత్తుతారు. ఒక్క ఇల్లాలు కూడా ఆ రోజు అలసిపోకూడదు.

మరి ఎవరితో వెళ్లాలి? లూకా 15వ అధ్యాయంలో ఒకామె దగ్గర పది వెండి నాణేలున్నాయి. ఒకటి పోయింది. దీపం వెలిగించి, ఇల్లంతా ఊడ్చి వెతికింది. దొరికింది. వెంటనే ఏం చేసింది? స్నేహితురాండ్రను, ఇరుగుపొరుగువాళ్లను పిలిచి, నాతో కలిసి సంతోషించండి అంది. దొరికింది ఒక్క నాణెం! ఆమె అంత చిన్న సంతోషాన్ని ఒంటరిగా అనుభవించలేకపోయింది. పరలోకంలో సంతోషం ఎలా ఉంటుందో చెప్పడానికి ప్రభువు ఈమెను ఎంచుకున్నాడు. మన దగ్గర కూడా పిలవాల్సినవాళ్లు ఉన్నారు. ఒకప్పుడు హాస్టల్ గదిలో ఒకే మంచం మీద చదువుకున్న నేస్తం. ఇప్పుడు పండుగకు ఫోనులో ఒక బొమ్మ పంపుకుంటాం, అంతే. భర్త పోయాక ఆరాధనకు వచ్చి వెనక వరసలో కూర్చుని, ముగింపు ప్రార్థన కాగానే వెళ్లిపోయే ఆంటీ. ఉద్యోగానికి కొత్తగా మన ఊరొచ్చి, హోటల్ అన్నం తింటున్న కుర్రాడు. ద్వితీయోపదేశకాండము చెప్పిన జాబితా మన వీధిలోనే నడుస్తోంది.

ఇది చదువుతూ "నాకు గడప దాటే వీలే లేదు" అని కళ్లు తుడుచుకుంటున్న వాళ్లు మీరేనా? మంచం పట్టిన అత్తగారికి ఒక్క గంట ఎవరూ తోడు లేరేమో. ఒంట్లో శక్తి లేదేమో. ఇంట్లో ఒక కుర్చీ ఖాళీ అయి, నవ్వాలంటేనే ద్రోహంలా అనిపిస్తోందేమో. మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టడం లేదు. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద పడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే, తల దగ్గర వేడి రొట్టె, నీళ్లు ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి, నీ శక్తికి మించిన ప్రయాణం ఇది అని ఒప్పుకుని మళ్లీ తినమన్నాడు. దేవునికి మీ దూరం తెలుసు. మీరు వెళ్లలేకపోతే నేస్తాలను ఇంటికి రమ్మనండి. మంచం పక్కనే నాలుగు కుర్చీలు వేసుకోండి. అత్తగారి పాత కబుర్లు వాళ్లూ వింటారు. కిటికీలో ఒక కుండీ పెట్టండి. అది ఈ పూటకు సరిపోతుంది.

అలాంటి ఇల్లు మీకు తెలిసి ఉంటే, పిలుపు కోసం ఆగకండి. "మీరు ఒక పూట బయటికి వెళ్లిరండి, అమ్మ దగ్గర నేనుంటాను" అనండి. అంతకంటే మంచి కానుక నాకు తోచడం లేదు.

ఈ వారంలో ఒక పూటను ఇప్పుడే ఎంచుకుందాం. కేలండర్ మీద పాలవాడి లెక్క, గ్యాసు తేదీ రాసుకునే చోటే ఆ పూటనూ రాద్దాం. ఆ పూట లెక్కలు మాట్లాడొద్దు, పిల్లల మార్కులు మాట్లాడొద్దు, ఫోను సంచిలో పెట్టేద్దాం. పిలిచేవాళ్లలో ఒక్కరైనా, ఎవరూ పిలవని మనిషి ఉండాలి. వెళ్లే ముందు రోజు రాత్రి మెంతులు నానబెడదాం. తిరిగొచ్చాక చల్లుదాం.

ఇలా ప్రార్థన చేసుకుందాం: తండ్రీ, అలసిపోయి నీ దగ్గరికి వచ్చాం. పనులన్నీ అయ్యాకే సంతోషపడాలని మేమే పెట్టుకున్న షరతును నీ పాదాల దగ్గర దించేస్తున్నాం. చల్లపూట తోటలో నడిచినవాడా, మా ఇంటి ముంగిట కూడా నడువు. మేము నిద్రపోయేటప్పుడు మా విత్తనాలను, మా పిల్లలను చూసుకో. మేము మరచిపోయిన నేస్తాలను మాకు గుర్తుచేయి. మాకు దొరికిన చిన్న సంతోషాన్ని పంచుకునే మనసివ్వు. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

ప్రార్థనలో ఒక పేరు మీ మనసులో మెదిలింది కదా? ఇంకో పని పెట్టుకోకముందే ఆ నంబరు వెతకండి. చాలా కాలమైందని సంకోచపడకండి, అవతలి వాళ్లూ అదే సంకోచంతో ఉండి ఉంటారు. క్షేమసమాచారం తర్వాత అడగవచ్చు. ముందు "ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటావా?" అని అడగండి.